పదేళ్ళ అమ్మాయికి ఏ అనిమే చూపించాలి? నా ఓటు బొమ్మల యుద్ధానికే

"కొట్లాటలు లేని అనిమే ఏదైనా చెప్పండి, మా అమ్మాయికి పదేళ్ళు" అని అడిగారు. (అనిమే అంటే జపాన్ కార్టూన్.) నేను కొట్లాటలు తప్ప ఇంకేమీ లేనట్టు కనిపించేది ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. ఏంజెలిక్ లేయర్. క్లాంప్ అనే ఆడవాళ్ళ బృందం గీసిన మాంగా (జపాన్ కామిక్స్) అది. 2001లో జపాన్‌లో టీవీ సిరీస్‌గా వచ్చింది, మొత్తం 26 ఎపిసోడ్లు.

తాతగారింట్లో పెరిగిన మిసాకి అనే పన్నెండేళ్ళ పిల్ల, పిన్ని దగ్గర ఉండి చదువుకోవడానికి టోక్యో వస్తుంది. వచ్చిన రోజే పెద్ద తెర మీద ఒక తెల్లటి బొమ్మ యుద్ధం చేస్తుంటే చూసి నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. తెల్లకోటు వేసుకున్న ఒక తిక్క మనిషి తగులుకుని, దాని చేతిలో ఉన్న డబ్బంతా బొమ్మ సామాన్లకే ఖర్చు పెట్టిస్తాడు. (ఇది చూశాక మా ఇంట్లో బొమ్మలు కొనమని పేచీ మొదలైంది. ముందే చెప్తున్నాను.) తను పొట్టి కాబట్టి బొమ్మను కూడా పొట్టిగానే చేసుకుంటుంది. పేరు హికారు. తలకు హెడ్‌సెట్ పెట్టుకుని మనసులో అనుకుంటే బొమ్మ కదులుతుంది, అదీ లేయర్ అనే ఆ బరిలో ఉన్నంతసేపే. బరి దాటి పడితే ఓడినట్టే.

మా అమ్మాయి ప్రేయర్‌లో ఎప్పుడూ మొదటి వరసే, అంత పొట్టి. అందుకే హికారు దానికి అంత నచ్చింది.

ఇలా అమ్మాయిల రూపంలో పోరాడే బొమ్మలు ఉన్నవి ఇంకా ఉన్నాయి. బుసో షింకి, ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్. రెండూ బొమ్మల కంపెనీలు ముందు బొమ్మలు అమ్మి, తర్వాత వాటికి కథ అల్లినవి. వాటిల్లో బొమ్మలే గలగలా మాట్లాడేస్తాయి. బొమ్మ మాట్లాడితే ఇక పిల్లకి పనేముంది? పైగా ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్‌ని పిల్ల పక్కన కూర్చుని చూడలేం. హికారు ఒక్క ముక్క మాట్లాడదు. మొత్తం మిసాకి మొహంలోనే చూడాలి.

మొన్నటికి ముందు సంక్రాంతికి మా అమ్మ ఇంట్లో కొలువు పెట్టింది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే మా అమ్మాయి పీట మీద ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీసి "ఇదే లేయర్" అంది. నాకు కొండపల్లి అంబారీ ఏనుగు, తనకు మజ్జిగ చిలికే అమ్మాయి. తలకు హెయిర్‌బ్యాండ్.

"చేత్తో తొయ్యకూడదమ్మా, మనసులో అనుకోవాలి."

"మరి ఎలా కదులుతుందే?"

"తోస్తున్నట్టు కనపడకూడదు, అంతే."

మూడో నిమిషంలో నా ఏనుగు పీట మీంచి పడి తొండం ఊడింది. అమ్మ లేచేలోపు అతికించాలని ఫెవికాల్ రాసి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఇక్కడ కథలో గుట్టు చెప్పేస్తున్నాను, వద్దనుకునేవాళ్ళు ఆగిపోండి. మిసాకి చూసిన ఆ తెల్ల బొమ్మ అథీనాని ఆడించేది వాళ్ళమ్మే. చిన్నప్పుడే కూతుర్ని వదిలి వెళ్ళిపోయిన అమ్మ.

"ఒక్కసారి వచ్చి కనపడొచ్చుగా వాళ్ళమ్మ?"

"కాళ్ళు బాగోలేవు కదే పాపం."

"చక్రాల కుర్చీ ఉందిగా. ఫోనూ ఉందిగా."

తొండం వదిలితే ఊడిపోతుంది. లేచి వెళ్ళడానికి లేదు. అది రెండో క్లాసులో, మూడో క్లాసులో ఉన్నప్పుడు నేను పుణెలో ఉద్యోగం చేస్తూ దాన్ని అమ్మ దగ్గరే ఉంచాను. రోజూ ఫోన్ చేసేదాన్ని. అయినా ఆ ప్రశ్న మిసాకి గురించి కాదని నాకు తెలుసు. "భయం వేసి ఉంటుంది" అన్నాను. "దేనికి?" అంది. "కూతురు ఏమంటుందో అని." అది కాసేపు ఆలోచించి, "మిసాకి ఏమీ అనదు, బొమ్మతో కొడుతుందంతే" అంది.

ఈ సిరీస్ చూసినవాళ్ళు చాలామంది ఆ తల్లిని తిట్టుకుంటారు. నేను తిట్టను. పక్కనే ఉండి రోజంతా ఫోన్ చూసుకునే తల్లులకంటే, తెర వెనక నుంచి కూతురి ప్రతి ఆటా చూసే తల్లి నయం. మీరు ఒప్పుకోకపోతే పోనీండి. మాంగాలో, టీవీలో ఆవిడ కథ ఒకేలా ఉండదు. నాకు టీవీదే నచ్చింది.

మీ ప్రశ్నకి జవాబు: చూపించండి. మేము ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూశాం, సగం నేనే చదివి చెప్పాల్సొచ్చింది. ఇది నచ్చింది కదా అని వెంటనే క్లాంప్ వాళ్ళదే చోబిట్స్ పెట్టకండి, అది పిల్లలది కాదు. మొదటి మూడు ఎపిసోడ్లు నెమ్మదిగా ఉంటాయి, ఓపిక పట్టండి. ఇంట్లో కొలువు బొమ్మలుంటే కాస్త పై అరలో పెట్టుకోండి.