బర్రెలకు చలికోటు కాదురా, పొడి నేల కావాలి

అబ్బాయ్,

కావలిలో నాలుగు బర్రెల్ని కొన్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. వాటికి చలికోట్లు కుట్టించాలా అని అడిగావంట, యూట్యూబులో పంజాబు వాళ్లను చూసుంటావు. మన నెల్లూరు జిల్లాలో చలికాలమంటే సగం వానాకాలమే కదరా, అక్టోబరులో పట్టుకున్న ఈశాన్యం వానలు డిసెంబరు దాకా వదలవు, కాబట్టి చలికన్నా ముందు చెమ్మ సంగతి చూడు.

రాత్రి నువ్వు పడుకోబోయే ముందు కొట్టంలోకెళ్లి బర్రె పడుకునే చోట అరచెయ్యి ఆనించు. తడి తగిలితే అప్పుడే పేడ ఎత్తేసి పొడి ఇసక చల్లు. పాలు పిండాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంటయినా పడుతుంది, ఆలోపు తడి నేల మీద పడుకుందంటే పొదుగువాపు కొనితెచ్చుకున్నట్టే, అందుకే పిండగానే గాడిలో గడ్డి వేశావంటే నిలబడి తింటూ ఉంటుంది.

గడ్డి విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయిందే, ఆ వానలకు మా వామి అడుగంతా నానింది. డబ్బు పెట్టి కొన్న గడ్డి, పారేయడానికి చేతులు రాలేదు, ఎండలో ఆరేసి వేశాను. విదిలిస్తే బూడిదలా బూజు లేచేది, అయినా వేశాను. కొన్నాళ్లకు పెద్ద బర్రె కుంటింది, తోక చివర నల్లబడి పుల్లలా ఎండిపోయింది. డాక్టరు వచ్చి బర్రెను చూసి, గాడిలోంచి గుప్పెడు గడ్డి తీసి నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. తోక జానెడు పోయింది గానీ బర్రె దక్కింది. ఎండబెట్టినంత మాత్రాన బూజు విషం పోదు, అలాంటి గడ్డి పేడదిబ్బకే.

దూడకు ఈనిన గంటలోపే జున్నుపాలు తాపు, 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లు, రెండు మూడు దఫాలుగా. వీధిలో వాళ్లకు జున్ను పంచడం ఆ తర్వాతే, మీ అమ్మ ఊరుకోదనుకో. ఉత్తరం వైపు గోనెపట్టాలు కట్టు, పైన మాత్రం జానెడు సందు వదులు, లేకపోతే ఉచ్చ వాసనకు దూడలు దగ్గుతాయి.

గొంతువాపు టీకా వానలకు ముందే పడాల్సింది, అమ్మినవాడు వేయించాడో లేదో కనుక్కో. చెరువు గట్టున మేపితే నత్తల వల్ల కార్జపు జలగలు పడతాయి, దవడ కింద నీరు దిగిందంటే ఆలస్యం చెయ్యకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ కొట్టు.

ఇంకోటి, బర్రెలు ఎక్కువగా ఎదకొచ్చేది ఈ నెలల్లోనే, ఆవులాగా అరిచి గోల చెయ్యవు. తెల్లారుజామున టార్చి పట్టుకుని వెనకవైపు చూడు, జిగురు తీగలా వేలాడుతూ కనిపిస్తే ఆ రోజే చూలు కట్టే సూది వేయించు.

మీ మామ