అమ్ములూ, ఆ కన్నీటి చుక్క తీసెయ్

చిరంజీవి అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన బొమ్మ ఫోన్లో చూస్తే తృప్తి కలగలేదు. వీధి చివర జెరాక్స్ షాపులో పెద్ద సైజు ప్రింటు తీయించుకుని, కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. ముసలమ్మ మొహం మీద ఒక్క ముడత, ఒక్క వెంట్రుక వదలకుండా పెన్సిలుతో దించావు. చెయ్యి బాగా తిరిగింది. ఇన్నేళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి, ఆ మాట ఊరికే అనను. ఫైనలియర్ పని రియలిజం మీదే చేస్తాననీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. చెబుతాను. దానికంటే ముందు ఆవిడ కంటి కింద పెట్టిన కన్నీటి చుక్క తీసెయ్.

నువ్వు చూసి గీసిన ఆ ఫొటో నెట్‌లో దొరికింది. ఆవిడ ఎవరో, ఏ ఊరో, ఆ రోజు ఏం తిన్నదో నీకు తెలియదు. చూసేవాళ్ల మనసు కరగాలని చుక్క పెట్టావు. రియలిజానికి దారి వేసిన ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే అయితే పెట్టడు. ఎందుకు పెట్టడో నీకు బోధపడితే సగం దారి వచ్చేసినట్టే.

ఫొటోలా ఉంటే రియలిజం అనుకుంటారు మనవాళ్లు. కూర్బే బొమ్మలు వేసే నాటికి ఉన్నదున్నట్టు దించగల చేతులకి పారిస్‌లో కొదవ లేదు. అకాడమీలో, అంటే అక్కడి సర్కారీ కళాశాలలో, ఏళ్లకేళ్లు సాధన చేసినవాళ్లు వాళ్లు. కబనెల్ వేసిన ‘వీనస్ జననం’ చూడు. 1863 సలోన్‌లో, అంటే పారిస్‌లో జరిగే సర్కారీ చిత్ర ప్రదర్శనలో, పెడితే చక్రవర్తి మూడో నెపోలియనే కొనుక్కున్నాడు. ఆ ఒంటి నునుపులో కుంచె జాడే కనిపించదు. అంత నేర్పూ ఎవరి మీద ఖర్చయింది? అలల మీద పడుకున్న దేవత మీద. మన ఇళ్లలో ఉండే రవివర్మ పటాల సంగతీ దగ్గర దగ్గర అంతే. ఆయన తైలవర్ణాల నేర్పుకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. పట్టుచీర జరీ ముట్టుకుంటే తగిలేలా వేస్తాడు. అయినా కూర్బే దారి అది కాదు. ఎంత అచ్చంగా వేశావన్నది అకాడమీ అడిగే ప్రశ్న. ఎవర్ని వేశావు, వాళ్లకి ఎంత చోటిచ్చావు అన్నది కూర్బే అడిగిన ప్రశ్న. నీ ఏడాది పనంతా ఈ రెండో ప్రశ్న చుట్టూ నడవాలని నా కోరిక.

‘ఓర్నాన్‌లో అంత్యక్రియలు’ ఎంత పెద్ద సైజులో దొరికితే అంత పెద్దది దింపుకుని, ఒక పూటంతా దాని ముందు కూర్చో. అసలు కాన్వాస్ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరున్నర మీటర్ల వెడల్పు. మీ హాలు గోడకి పట్టదు. ఆ రోజుల్లో అంత కాన్వాస్ బిగించారంటే దాని మీదికి రాజో, యుద్ధమో, పురాణమో ఎక్కాలి. కూర్బే దాన్ని తన సొంత ఊళ్లో జరిగిన ఒక మామూలు చావుకి ఇచ్చాడు. నలభైమందికి పైగా మనుషులు, నిలువెత్తున. మేయరు, ఫాదరు, ఊళ్లో పెద్దమనుషులు, తన చెల్లెళ్లు, అందరూ వంతులవారీగా వచ్చి నిలబడితే చూసి వేశాడు.

దగ్గరగా చూడు. ఎర్ర గౌన్లు వేసుకున్న చర్చి సేవకులిద్దరికీ ముక్కులు కూడా ఎర్రబడి ఉంటాయి. గొయ్యి తవ్వినవాడు ఒక మోకాలు నేలకి ఆన్చి, పని ఎప్పుడు అవుతుందా అన్నట్టు చూస్తుంటాడు. తెల్లకుక్క ఒకటి ఇదేమీ పట్టనట్టు అటు తిరిగి ఉంటుంది. కుడివైపు ఆడవాళ్లు తెల్ల రుమాళ్లు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. ఏ ఇద్దరి చూపూ ఒకచోట కలవదు. గొయ్యి సగం ఫ్రేము కిందికి పోయింది, చూసేవాడి కాళ్ల దగ్గరికే వచ్చినట్టుంటుంది. దేవదూతలు లేరు, పైకెగిరే ఆత్మ లేదు, పోయింది ఎవరో కూడా బొమ్మ చెప్పదు. మన ఊళ్లో ఏ శవయాత్రకి వెళ్లినా నీకు కనిపించేది ఇదే కదా. గట్టిగా ఏడ్చేవాళ్లు, టైము చూసుకునేవాళ్లు, దూరంగా నిలబడి పొలం సంగతి మాట్లాడుకునేవాళ్లు. కూర్బే ఒక్కరి మీదా తీర్పు చెప్పలేదు, ఒక్కరినీ అందంగా దిద్దలేదు.

1849 సలోన్‌లో మెడల్ రావడంతో జ్యూరీ వడపోత లేకుండా బొమ్మ పెట్టుకునే హక్కు అతనికి దక్కింది. అందుకే 1850-51 సలోన్ గోడకి ఇది ఎక్కగలిగింది. విమర్శకులు మండిపడ్డారు. ఇంత అనాకారి జనాన్ని ఇంత పెద్దగా వేయడమేమిటన్నారు. వాళ్ల కోపం వెనక భయం కూడా ఉంది. 1848 ఫిబ్రవరిలో జనం రాజుని గద్దె దింపి, మగవాళ్లందరికీ ఓటు తెచ్చుకున్నారు. ఓటొచ్చిన ఆ జనమే రాజుల సైజులో గోడెక్కి కూర్చుంటే దొరలకి ఎలా ఉంటుందో ఊహించుకో. 1855 ప్రపంచ ప్రదర్శనకి జ్యూరీ ఈ బొమ్మనీ, ‘చిత్రకారుడి స్టూడియో’నీ వెనక్కి పంపితే, కూర్బే ఆ ప్రదర్శన పక్కనే సొంతంగా షెడ్డు వేయించి, రియలిజం అని బోర్డు పెట్టి, నలభై దాకా బొమ్మలు పెట్టాడు. జనం పెద్దగా రాలేదు. వచ్చినవాళ్లలో పెద్ద చిత్రకారుడు డెలాక్రువా ఉన్నాడు. కూర్బే పద్ధతి ఆయన పద్ధతికి పూర్తిగా విరుద్ధం. అయినా దాదాపు గంటసేపు ఉండి చూసి, ‘స్టూడియో’ లాంటి ఇంత గొప్ప బొమ్మని కాదన్నారా అని డైరీలో రాసుకున్నాడు.

ఇప్పుడు నీ మిర్చి బొమ్మ సంగతి. గుంటూరు వైపు మిరపకాయలు ఏరే ఆడవాళ్లని వేద్దామని ఉంది కానీ, ఘాటుకి అందరూ మొహానికి గుడ్డ చుట్టుకుంటారు, మొహం లేకుండా ఏం వెయ్యను అని రాశావు. దీనికి జవాబు కూర్బే 1849లోనే వేసి పెట్టాడు. ‘రాళ్లు కొట్టేవాళ్లు’ చూడు. రోడ్డు పక్కన కంకర కొడుతున్న ఇద్దరిని బండి మీద పోతూ చూసి, ఆగి, మర్నాడు స్టూడియోకి రమ్మన్నాడు. డెబ్బై ఏళ్ల ముసలాయన మొహం టోపీ నీడలో పోయింది. కుర్రాడు అటు తిరిగి ఉన్నాడు. ఇద్దరి మొహాలూ మనకి దొరకవు. దొరికేదేమిటంటే, ముసలాయన మేజోడు చిరిగి బయటపడ్డ మడమ. కుర్రాడి భుజం మీద అడ్డంగా తెగేలా ఉన్న పట్టీ. రాళ్ల తట్ట మోకాలి మీదికి ఎత్తుకోవడంలో వంగిన నడుం. పక్కన ఒక కుండ, చెంచా. ఆ బొమ్మ ఇప్పుడు లేదు, 1945లో డ్రెస్డెన్ దగ్గర బాంబు దాడుల్లో కాలిపోయింది. ఫొటోలే మిగిలాయి. వాటిలో కూడా ఆ మడమ నన్ను వదిలిపెట్టదు.

మిర్చి దగ్గర కూడా మొహం కోసం వెతక్కు. తొడిమ తీసే బొటనవేలు చూడు. తాలు కాయ కనిపించగానే చెయ్యి చూడకుండానే పక్కకి ఎలా విసురుతుందో చూడు. మొహానికి చుట్టుకున్నది పాత చున్నీయా, చీర కొంగా, ఎవరైనా పంచిన పార్టీ కండువాయా, అదీ చూసుకో. గుడ్డ పైన కళ్లు మాత్రమే మిగులుతాయి. ఆ కళ్లు ఘాటుకి నీళ్లు పెడతాయి. అక్కడ కన్నీరు నీకు నిజంగా కనిపిస్తే నిరభ్యంతరంగా వెయ్యి.

ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు మిల్లె వేసిన ‘పరిగె ఏరుకునే ఆడవాళ్లు’ (1857) కూడా దగ్గర పెట్టుకో. ఒకామె గింజ అందుకుంటోంది, రెండో ఆమె వంగుతోంది, మూడో ఆమె నడుం సగం ఎత్తింది. వరసగా చూస్తే ఒకే నడుము నొప్పి ముగ్గురిలో నడుస్తుంది. వెనక దూరంగా కుప్పలు, బండి, గుర్రం మీద మేస్త్రీ. పంటంతా అక్కడుంది, వీళ్ల చేతుల్లో గుప్పెడు వెన్నులు. మిల్లె ఎవర్నీ తిట్టలేదు, దగ్గర ఏముందో దూరం ఏముందో చూపించి ఊరుకున్నాడు. నీ బొమ్మలో కూడా వెనక టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టలు, లారీ, కాటా ఉండాలి. మిల్లె స్కెచ్చులు గీసుకుని, మిగతాది జ్ఞాపకంలోంచి స్టూడియోలో వేసేవాడు. ఈ అలవాటు చేసుకో. రోజూ సాయంత్రం, పొద్దున చూసిన ఒక మనిషి నిలబడ్డ తీరు ఫొటో చూడకుండా గియ్యి. మొదట్లో చేతులు ఎక్కడున్నాయో గుర్తు రావు. గుర్తు రానివే మర్నాడు వెళ్లి చూసుకోవలసినవి. ఫొటోలు తియ్యొద్దని అనను, కూర్బే కూడా ఫొటోలు వాడుకున్నాడు. గుడ్డ మడతలు సరిచూసుకోవడానికి వాడు, బొమ్మ అక్కడ మొదలవకూడదు.

ఒక్కసారి వెళ్లొస్తే చాలదు. రోజా బోనర్ అనే చిత్రకారిణి ‘గుర్రాల సంత’ కోసం పారిస్‌లో గుర్రాల బజారుకి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిన్నర తిరిగింది. మగవాళ్ల మధ్య ఎవరూ వేధించకుండా పంట్లాం తొడుక్కునేది. ఆ కాలంలో ఆడవాళ్లు దానికి పోలీసుల అనుమతి తీసుకోవాలి. నీకు ఆ బాధ లేదు. తోడుగా ఒక స్నేహితురాలిని తీసుకెళ్లు. మొదటి రోజు అందరూ నిన్నే చూస్తారు, పని ఆపేసి నవ్వుతారు, సర్దుకుని కూర్చుంటారు. పోనుపోను నిన్ను మర్చిపోతారు. నీ బొమ్మ అప్పుడు మొదలవుతుంది.

పేర్లు అడిగి తెలుసుకో. రష్యాలో రెపిన్ అనే చిత్రకారుడు 1870లో వోల్గా ఒడ్డుకి వెళ్లి, పడవలు లాగే కూలీలతో కలిసి తిరిగాడు. తర్వాత వాళ్లని వేసిన బొమ్మలో ముందు వరసలో తలకి గుడ్డ కట్టుకుని లాగుతున్న మనిషి కానిన్, ఒకప్పుడు చర్చిలో ఫాదరు. రెపిన్ అతని పేరూ కథా తెలుసుకుని వేశాడు కాబట్టే, ఆ పదకొండు మందిలో ఏ ఒక్కడూ ఇంకొకడిలా ఉండడు. కూర్చోబెట్టి వేస్తే వాళ్ల కూలి పోతుంది, ఆ పూట కూలి నువ్వివ్వు. వద్దన్నా ఇవ్వు. గీసింది వాళ్లకి చూపించు. నా ముక్కు ఇలా లేదే అంటే విని, మళ్లీ చూడు.

పేదవాళ్లనే వెయ్యాలనీ లేదు. కూర్బే వేసింది తన ఊరిని. నువ్వు మీ అమ్మని డ్వాక్రా మీటింగులో వెయ్యి, మీ నాన్నని స్కూటర్ మెకానిక్ షెడ్డులో వెయ్యి, ఫంక్షన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకునే పెళ్లివారిని వెయ్యి. ఊరి బొమ్మ అనగానే ఎడ్లబండి, బిందె చంకన పెట్టుకున్న అమ్మాయి, గుడిసె మీద కాకర తీగ వేసే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. అమ్ముడుపోతాయి, గోడకి బాగుంటాయి, నాకు మాత్రం బాధగా ఉంటుంది. ఆ ఊళ్లో ఇప్పుడు ఉన్నవాళ్లు వాటిలో లేరు. ఫ్లెక్సీ బ్యానర్ అడ్డొస్తే దాన్ని తీసేసి గియ్యకు. ఓర్నాన్ జనం కూడా ఆనాటి కోట్లలోనే నిలబడ్డారు.

ఈ దారి ఫ్రాన్స్‌లోనే ఆగలేదు. మిల్లెని గురువుగా కొలిచిన వాన్ గో 1885లో ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ వేశాడు. ఏ చేతులతో మట్టి తవ్వారో ఆ చేతులతోనే పళ్లెంలో దుంప తీసుకుంటున్నారు, అది కనిపించాలని తమ్ముడికి రాశాడు. మన దేశంలో 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లా అంతా కాలినడకన తిరిగి, సిరాతో గీశాడు. రోడ్డు పక్కన పడి ఉన్న శవం బొమ్మ కింద ఆ రైతు పేరు రాశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో అచ్చయితే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని నాశనం చేసింది. జైనుల్ ఆబెదిన్ అదే ఏడు కలకత్తా వీధుల్లో చవక కాగితం మీద కుంచెతో నాలుగు గీతల్లో ఆకలిని వేశాడు. వాటిలో ఫొటోలాంటి పోలిక ఏ కోశానా లేదు. నా దృష్టిలో అవి కూర్బే వంశానివే. నీ కాలేజీ లైబ్రరీలో ఈ ఇద్దరి పుస్తకాలూ అడిగి చూడు.

రంగుల విషయం కొంచెం. కూర్బే కాన్వాస్‌కి ముందు ముదురు గ్రౌండ్ (అడుగు పూత) వేసి, చీకట్లోంచి వెలుతురు పైకి తెచ్చేవాడు. చాలాచోట్ల పాలెట్ నైఫ్‌తోనే మందంగా పూసేవాడు. నువ్వు బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు పల్చగా పూసి ఆరబెట్టు. తర్వాత వెలుగు పడ్డ చోట్లే ఎత్తు. మిరప ఎరుపు చూసి మోసపోకు, అదంతా ఎరుపే వేస్తే మనుషులు మాయమైపోతారు. గుట్ట నీడలో ఆ ఎరుపు దాదాపు గోధుమరంగుకి దిగుతుంది, గమనించు. పెన్సిలు ఈ ఏడాదికి పక్కన పెట్టు. నీ చెయ్యి వెంట్రుకల మీదికి పోతోంది. చార్‌కోల్ లావు ముక్క పట్టుకుంటే నడుం వంపు ముందు పడుతుంది.

సైజు ఐదడుగులకి తగ్గించకు. మాస్టారు వద్దంటే నా ఉత్తరం చూపించు. కాన్వాస్ రోలుకీ, చెక్క ఫ్రేముకీ ఎంతవుతుందో కనుక్కుని చెప్పు, డబ్బు నేను పంపుతాను. ఫిబ్రవరి, మార్చిలో సరుకు బాగా వస్తుంది, కల్లాల్లో ఏరుడు పని జోరుగా ఉంటుంది. తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండెక్కేలోపు సగం ముగించేస్తారు కాబట్టి ముందు రోజు రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. నాకు తెలిసిన రైతు ఒకాయన కల్లం ఉంది, మాట్లాడి పెడతాను. నూలు చున్నీలు రెండు తెచ్చుకో, ఒకటి తడిపి ముక్కుకి కట్టుకోవడానికి. చార్‌కోల్ బొమ్మలు చెదిరిపోకుండా వాటి మీద కొట్టే ఫిక్సేటివ్ డబ్బా మర్చిపోకు, ఇక్కడ దొరకడం లేదు.

ఇట్లు,
పెదనాన్న