కదిలే ఇసుకను కొలవబోతున్న మేనకోడలికి

చిరంజీవి తల్లికి, మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. కళింగపట్నం దగ్గరి బడికి బదిలీ అయ్యావనీ, ఎనిమిదో తరగతి పిల్లలతో వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఉన్న ఇసుక తిన్నెను కొలిచి పటం గీయించాలనుకుంటున్నావనీ చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే తీరంలో పంతొమ్మిదేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. నీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అన్నీ వరసలో రావు, నువ్వే సర్దుకో.

పటం గీయిస్తానన్నావు. ఒక్క పటం గీయించి తరగతి గోడకు తగిలిస్తే వానాకాలం వెళ్లేసరికి అది అబద్ధమైపోతుంది. నెలకు ఒకటి చొప్పున పన్నెండు కావాలి. ఆ పన్నెండూ ఒకే చోట నిలబడి కొలిచినవై ఉండాలి. ఈ రెండో మాట నాకు తెలియక మొదటి ఏడాది శ్రమంతా పోగొట్టాను. తిన్నె మీద ఎత్తయిన చోటు చూసి పిల్లలతో సరుగుడు గుంజ పాతించాను. నాలుగు అడుగుల లోతున పాతాం, ఇక కదలదని ధైర్యం. ఆగస్టు వరదకు గుంజ పోయింది. గుంజతోపాటు అది నిలిచిన ఎత్తూ పోయింది. ఎక్కడి నుంచి కొలిచామో తెలియని అంకెలతో నిండిన పుస్తకం చేతిలో మిగిలింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, పారేయడానికి చెయ్యి రాలేదు.

అందుకని నీ కొలత ఇసుక మీద మొదలు కాకూడదు. ఊరి వైపు పునాది ఉన్న కట్టడం ఒకటి వెతుక్కో. పాత రాతి గోడ మూల కావచ్చు, గుడి మెట్టు కావచ్చు, బావి గట్టు కావచ్చు. దాని మీద రంగుతో గుర్తు పెట్టించు. అక్కడి నుంచి లైట్‌హౌస్ ఏ దిక్కున ఉందో దిక్సూచితో చూసి డిగ్రీల్లో రాయించు. పడమట సాలిహుండం కొండ కూడా కనబడే చోటైతే మరీ మంచిది. రెండు కదలని వస్తువుల దిక్కులు తెలిస్తే నీ గుర్తు చెరిగిపోయినా ఆ చోటును మళ్లీ పట్టుకోగలవు. ఫోను చూపించే స్థానాన్ని నమ్ముకోకు. అది నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మనకు కావలసిన మార్పు కొన్ని నెలల్లో అంతకంటే తక్కువే ఉంటుంది.

కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 1961లో ఎమరీ అనే సముద్ర భూగర్భ శాస్త్రవేత్త రెండు కర్రలతో కడలి ఒడ్డు వాలును కొలిచే పద్ధతి రాశాడు. నేను పిల్లలకు నేర్పినది అదే. మీటరున్నర పొడవున్న కర్రలు రెండు తీసుకో. పై కొస నుంచి కిందికి సెంటీమీటర్ల గీతలు గీయించు. దర్జీ టేపు అంటించినా సరిపోతుంది. రెంటికీ మధ్య రెండు మీటర్ల తాడు కట్టు. ఒక బిడ్డ ఊరి వైపు కర్ర పట్టుకోవాలి, ఇంకొకరు సముద్రం వైపు తాడు బిగిసేదాకా నడిచి రెండో కర్ర నిలబెట్టాలి. ఊరి వైపున్న బిడ్డ తన కర్ర పక్కన కన్ను ఆనించి, ముందున్న కర్ర కొస, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీత ఒక్కటయ్యేదాకా తల కిందికీ పైకీ జరుపుతుంది. రెండూ ఒక్కటైన చోట తన కర్ర మీద పై నుంచి ఎన్ని సెంటీమీటర్లుందో చూస్తే, ఆ రెండు మీటర్లలో నేల అంత దిగిందన్నమాట. ఇసుక దిబ్బలా పైకి లేచిన చోట లెక్క తిరగబడుతుంది. అప్పుడు తన కర్ర కొస మీదుగా ఆకాశపు గీతను చూసి, ఆ చూపు ముందు కర్రను కొస నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకిందో చదవాలి. ఆ నాలుగు మాటలూ బల్ల మీద బొమ్మ గీసి చెప్తే ఎనిమిదో తరగతి వాళ్లకు పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆకాశపు గీత తేటగా కనబడని రోజు మాత్రం కొలవొద్దు.

రోజు కూడా ఒకటే ఉండాలి. నేను పున్నమి ఎంచుకున్నాను. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ, పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, కూడా లోతుగా ఉంటుంది. తడి ఇసుక చాలా దూరం బయటపడుతుంది. పైగా మన తీరంలో ప్రతి పున్నమికీ పాటు వేళ దాదాపు ఒకటే. ఒక నెలలో పాటు వేళ, మరో నెలలో పోటు వేళ కొలిస్తే ఇసుక పెరిగిందో నీళ్లు తగ్గాయో ఎవరూ చెప్పలేరు.

ఇక ఏమి చూడాలో చెబుతాను. కర్రలు అంకెలు చెబుతాయి, కన్ను చెప్పేది వేరు.

మన తీరం మీద ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి నడుస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా అలలు దక్షిణపు వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి, ప్రతి అలా ఇసుకను కొంచెం ఉత్తరానికి జరుపుతుంది. చలికాలంలో ఆ నడక బలహీనమై కొన్నాళ్లు వెనక్కి తిరుగుతుంది. ఏడాది మొత్తం కూడితే ఉత్తరానిదే పైచెయ్యి. అందుకే మన తీరంలో చాలా నదుల మొగల దగ్గర దక్షిణపు ఒడ్డున ఉన్న ఇసుక నాలుకలా ఉత్తరానికి సాగి నదిని పక్కకు తోస్తుంది. వేసవిలో నీటికి బలం లేక మొగ ఇరుకవుతుంది, చిన్న వాగులూ గెడ్డలూ అయితే పూర్తిగా మూసుకుపోతాయి. వానాకాలపు వరద వచ్చి నాలుకను ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంచుతుంది. తెగిన కొస ఒక్కొక్కసారి ఒక కాలం పాటు దీవి అయిపోతుంది. శ్రీహరికోట లాంటి పెద్ద దీవి మనకు లేదు. బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ మధ్య అడ్డుగా నిలిచినది అది. కానీ దాని పుట్టుకకూ మన చిన్న తిన్నె పుట్టుకకూ ఇసుకా అలలే కారణం. అది పిల్లలకు చెప్పు, వాళ్లకు గర్వంగా ఉంటుంది.

మొగ మూసుకుపోతే ఏమవుతుందో చూపించడానికి చిలికా సరస్సు కథ చెప్పు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే ఎంతో దూరం కాదు. అక్కడ ఇసుక అడ్డు పొడవై సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గింది, ఉప్పదనం పడిపోయింది, కలుపు అల్లుకుంది, చేపలు తగ్గాయి. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. తర్వాత ఉప్పదనం తిరిగి వచ్చింది, చేపలూ వచ్చాయి. తిన్నె వెనకనున్న ఉప్పునీటి మడుగు బతుకు ఆ మొగ మీద ఎంత ఆధారపడి ఉందో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇసుక రంగు చూడమని పిల్లలకు గట్టిగా చెప్పు. మన ఒడ్డున తెల్లని ఇసుకలో నల్లని చారలూ ఎర్రని చారలూ ఉంటాయి కదా. నలుపు ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. అవి బరువైన రేణువులు. అల తేలికైన తెల్ల ఇసుకను ఎత్తుకుపోయి బరువైన వాటిని వదిలేస్తుంది. ఒక పున్నమికి ఒడ్డంతా నల్లగా పరచుకుని కనబడితే, అక్కడ సముద్రం ఇసుక తీసుకుపోయిందని అర్థం. కర్రల అంకె కూడా అదే చెబుతుంది. రెండూ కలిసిన రోజు పిల్లల ముఖాలు చూడాలి నువ్వు.

ఇంకొక గుర్తు ఉంది, ఇది అరుదు. పెద్ద తుపానులో అలలు తిన్నె మీదుగా దూకి ఇసుకను లోపలి వైపు పోస్తాయి. అలా పదేపదే జరిగితే తిన్నె దొర్లుతున్నట్టు ఊరి వైపుకు జరుగుతుంది. అప్పుడు ఒకప్పటి లోపలి బురద, దానిలోని మడచెట్ల వేళ్లు, ఉప్పుటేటి ఆలుచిప్పలు బయటి ఒడ్డున, అలల వైపు తేలతాయి. అవి కనబడితే బొమ్మ గీయించి తేదీ వేయించు.

తుపాను వస్తే పేరు ఒక్కటే రాసుకుని ఊరుకోకు. మనకు ఉత్తరాన దాటిందా, దక్షిణాన దాటిందా అన్నది రాయి. తుపాను దాటే చోటికి ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది, నీటిని తోసుకొస్తుంది. దక్షిణాన గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది, అంటే మనకు దక్షిణాన. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది, అంటే మీ బడికి ఉత్తరాన. ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసింది తిత్లీ. అయినా తిన్నెకు ఏ తుపాను ఏమి చేసిందో తెలియాలంటే ఈ దిక్కు తెలియాలి.

నదిలోంచి వచ్చే ఇసుక సంగతి కూడా పిల్లలు అడుగుతారు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. ఏ నదికైనా పైన అడ్డుకట్ట కడితే ఇసుకలో కొంత అక్కడే ఆగిపోతుంది. ఏటి గర్భంలో లారీలకు ఎత్తినది ఎటూ సముద్రానికి చేరదు. తిన్నెకు తిండి అది. ఇది ఎవరినీ నిందించడానికి కాదు, లెక్కలో వేయడానికి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఒక ఏప్రిల్‌లో నలభై మంది పిల్లలను వరసగా పొడి ఇసుక మీదుగా నడిపించాను. తీతువు పిట్టల జంట నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. పిల్లలు కేరింతలు కొట్టారు, నేనూ నవ్వాను. ఒక పిల్లవాడి కాలికింద పటుక్కుమంది. వంగి చూస్తే గుడ్డు. ఇసుకలో చిన్న గుంట, గులకల మధ్య గులకల్లాంటి నాలుగు గుడ్లు, వాటిలో రెండు పగిలాయి. ఆ పిట్ట అరిచింది మమ్మల్ని ఆపడానికని నాకు అప్పుడు అర్థమైంది. పిల్లవాడు ఏడ్చాడు. తప్పు వాడిది కాదు, నాది.

అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. నడక ఎప్పుడూ తడి ఇసుక మీదే. పొడి ఇసుక మీదికి కర్రలు పట్టుకున్న ఇద్దరూ, రాసుకునే ఒకరూ, అంతే. ముందు నువ్వు నడిచి నేల చూడాలి. పిట్ట నెత్తిన తిరిగి అరిచిందంటే వెనక్కి తిరగాలి, ఆ నెల అక్కడ కొలవకపోయినా ఫరవాలేదు. ఊరి కుక్క వెంట వస్తే ఇంటి దగ్గరే కట్టించిరా. మేక గిట్టలాంటి ఆకులతో, ఊదా పూలతో నేలంతా పాకే తీగను, రావణాసురుడి మీసాల గడ్డిని తొక్కనివ్వకు. గాలికి ఎగిరే ఇసుకను ఆపి దిబ్బ కట్టేవి అవే.

జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ వచ్చి అడుగున్నర లోతు గుంట తీసి నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి కప్పేసి వెళ్తుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి. మీ పిల్లలు ఇది విని నోరు తెరుస్తారు. పొద్దున ట్రాక్టరు చక్రం పోయినట్టు రెండు జాడలు, ఒకటి పైకి ఒకటి కిందికి, కనబడితే దాన్ని చెరపకండి, తవ్వకండి. అటవీ శాఖ వాళ్లకు చెప్పు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి జాబితాలో ఉన్న జీవి అది. రాత్రి పిల్లలను తీసుకెళ్లొద్దు. బుల్లి తాబేళ్లు వెలుగు ఎక్కువగా ఉన్న వైపుకు పాకుతాయి. సముద్రం మీది వెలుతురు వాటికి దారి, మన దీపాలు వాటిని ఊరి వైపుకు లాగుతాయి. ఒడ్డున చచ్చి పడిన పెద్ద తాబేలు కనిపిస్తే అది కూడా పుస్తకంలో రాయించు, తేదీతో సహా. చూసి బాధపడి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు.

పిట్టల విషయంలో ఒక సరిదిద్దుబాటు. తేలినీలాపురం గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సైబీరియా నుంచి వస్తాయని ఊరూరా చెబుతారు, నేనూ చాలాకాలం చెప్పాను. అవి దక్షిణాసియా పక్షులే. నౌపడ ఉప్పు కొఠార్ల వైపు మేత కోసం వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. చలికాలంలో తడి ఇసుక అంచున పరుగులు తీసే చిన్న ఉల్లంకి పిట్టల్లో మాత్రం నిజంగా ఉత్తరాది నుంచి ఎగిరొచ్చినవి ఉంటాయి. వాటిని ఊరికే లేపితే, దూరం ఎగరడానికి దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది.

ఒడ్డున సరుగుడు మొక్కలు నాటిద్దామని ఎవరైనా వస్తే తొందరపడి ఒప్పుకోకు. ఊరికి గాలి తగలకుండా వెనక వరసలో సరుగుడు మంచిదే. సముద్రం వైపు, తాబేలు గుడ్లు పెట్టే ఇసుకలో దాని వేళ్లు అడ్డమే. అక్కడ ఆ పాకే తీగా, మొగలి పొదలూ చాలు.

మొగ దగ్గర పిల్లలను నీళ్లలో దిగనివ్వకు. పాటు మొదలయ్యాక నది, సముద్రం కలిసి లాగే లాగుడుకు పెద్దవాళ్లు కూడా నిలవలేరు. గోడలా కోసుకుపోయిన ఇసుక అంచు మీద నిలబడనివ్వకు, అది కిందినుంచి తొలిచి ఉంటుంది. ప్రతిసారీ ఊరి మత్స్యకారుల్లో ఒక పెద్దాయనను వెంట పిలుచుకో. ఆయనను మొగ ఏ ఏడు ఎక్కడుండేదో అడుగు. ఏడాది అంకె చెప్పలేకపోవచ్చు. "పెద్దమ్మాయి పెళ్లికి ముందు వచ్చిన గాలివాన" అంటాడు. పెళ్లి ఏడాది కనుక్కుంటే సరిపోతుంది. నాకు తెలిసిన దాంట్లో సగం అలా వచ్చిందే.

నా కర్రలు రెండూ అటక మీద ఉన్నాయి. కింద ముప్ఫై సెంటీమీటర్ల గీతలు ఉప్పుకు చెరిగిపోయాయి, ఎర్ర రంగుతో మళ్లీ వేయించు. మీ నాన్న వచ్చే ఆదివారం వస్తానన్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను. ఆ మొదటి ఏడాది పుస్తకం కూడా పంపుతున్నాను. మొదటి పున్నమి అంకెలు రాగానే నాకు రాయి, నేను ఇక్కడ గీతల కాగితం మీద గీసి చూసుకుంటాను.

ఇట్లు,
మీ మేనత్త
శ్రీకాకుళం