బోరుకొచ్చిన బండి

ప్రశ్న: నా పాత వంద సీసీ బండి సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది. మెకానిక్ "బోరుకొచ్చింది, పిస్టన్ మార్చాలి" అంటున్నాడు. అసలు పిస్టన్ అంటే ఏమిటి? రింగులు మారిస్తే సరిపోదా? మా వీధిలో జేసీబీ నడిపే అబ్బాయి కూడా "పిస్టన్ లీకవుతోంది" అంటాడు. రెండూ ఒకటేనా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: గొట్టంలో సరిగ్గా పట్టేలా కూర్చుని, అందులోనే ముందుకీ వెనక్కీ జరిగే ముక్క పిస్టన్. సైకిల్‌కి గాలి కొట్టే పంపులో కమ్మీ చివర తోలు వాషరు ఉంటుంది చూడండి, అదీ పిస్టనే. అక్కడ మనం తోస్తే గాలి కదులుతుంది. ఇంజన్‌లో పెట్రోలు మండి పిస్టన్‌ని తోస్తే బండి కదులుతుంది. 1712లో ఇంగ్లండ్‌లో న్యూకోమెన్ అనే ఆయన గనుల్లో నీళ్లు తోడటానికి పెట్టిన ఆవిరి ఇంజన్‌లోనూ ఇదే ఉంది. సందుల్లోంచి గాలి చొరబడకుండా పిస్టన్‌కి తోలు తొడిగి, పైన నీళ్లు నిలబెట్టేవారు. ఆ తోలు పనిని మీ బండిలో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు చేస్తున్నాయి.

వంద సీసీ బండ్లలో బాగా కనిపించే 97.2 సీసీ ఇంజన్‌కి బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 49.5. నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు అది సెకనుకి వందసార్లు పైకెళ్లి వందసార్లు దిగుతుంది. పై రెండు రింగులూ మంట ఒత్తిడి కిందికి జారకుండా ఆపుతాయి. మూడోది గోడకంటిన ఆయిల్‌ని గీకి కిందికి పంపుతుంది. ఇవి అరిగితే ఆయిల్ పైకెక్కి మండుతుంది. మీ నీలం పొగ అదే కావచ్చు.

కావచ్చు అనే అంటున్నాను. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతుంటే, ముందు వాల్వు ఆయిల్ సీళ్లు (వాల్వుల పక్క నుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపేవి) చూడమనండి. తక్కువలో పోతుంది. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తూ, ఆయిల్ కూడా తగ్గిపోతుంటే మీ మెకానిక్ మాట నిజమే.

అప్పుడు రింగులతో సరిపెట్టవచ్చా? బోరు విప్పాక లోపల గోరు పెట్టి కింది నుంచి పైకి లాగండి. పై అంచు దగ్గర గోరు తట్టుకుంటే, గోడ మీద నిలువు గీతలుంటే రింగులు మార్చడం దండగ. గోడ గుండ్రం తప్పాక కొత్త రింగు దానికి ఆనదు. బోరు కొట్టించి, అంటే గొట్టాన్ని లోపల కాస్త వెడల్పు చేయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్ వేయాల్సిందే. చాలామంది చేసే తప్పు ఒకటుంది: ముందు బోరు కొట్టించి, తర్వాత పిస్టన్ కొంటారు. మీరు ముందు పిస్టన్ కొని, దాన్ని బోరింగ్ షాపు అతని చేతికిచ్చి దాని కొలతకే కొట్టమనండి. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందం కూడా ఉండదు మరి.

ఇంకోటి, కొత్త పిస్టన్‌ని కొలిస్తే అచ్చమైన గుండ్రంగా ఉండదు. కొంచెం కోలగా, తల వైపు కాస్త సన్నగా ఉంటుంది. డిఫెక్ట్ పీస్ అని షాపువాడితో గొడవకి దిగకండి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడెక్కాక సరైన ఆకారానికి రావాలని అలా చేస్తారు. ఆయిల్ లేకుండా నడిపితే ఆ కాస్త సందూ పూడుకుపోయి పట్టేస్తుంది. సీజ్ అయిందనేది దాన్నే. బిగించేటప్పుడు తల మీద ఐఎన్ అని గుర్తుంటే, అది కార్బురేటర్ వైపు ఉందో లేదో మీరే చూసుకోండి.

జేసీబీ సంగతి వేరు. అక్కడ మంట లేదు, పిస్టన్‌ని తోసేది ఆయిల్ ఒత్తిడి. బయట తళతళలాడే కడ్డీని అందరూ పిస్టన్ అంటారు గానీ అది రాడ్డు, పిస్టన్ లోపల దాని చివరన ఉంటుంది. రాడ్డు చుట్టూ ఆయిల్ కారుతుంటే మూత దగ్గరి సీలు పోయినట్టు. బయట చుక్క కారకుండానే ఎత్తిన బకెట్ దానంతటదే దిగిపోతుంటే, పిస్టన్ మీది సీలు పోయి ఉండవచ్చు. రెండింటికీ సీల్ కిట్ వేయిస్తే చాలు, రాడ్డు మీద గీతలు పడకపోతే.