సమాధానం: తమ్ముడికి ఉద్యోగం నిలవడం లేదన్న ప్రశ్నకు

అక్కా, మీ తమ్ముడు స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతూ రెండేళ్లుగా బాగానే ఉన్నా, చేరిన రెండు ఉద్యోగాలూ మూడు నెలల్లోపే మానేశాడన్నారు. ముందు ఏదైనా కోర్సు చేయించాలా అని అడిగారు. నన్నడిగితే వద్దు. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి ఆ తర్వాత పని వెతకడం కన్నా, నచ్చిన పనిలో త్వరగా చేర్చి, చేరాక కూడా అండగా ఉండటమే మేలు. 1990ల్లో అమెరికాలో మొదలైన ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, అంటే మానసిక జబ్బున్నవారిని పనిలో చేర్చి అండగా నిలవడం) పద్ధతి చెప్పేదీ ఇదే.

మా చిన్నాన్న కొడుకుదీ ఇదే కథ. పొద్దున తొమ్మిదికి బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. ఓనరు బద్ధకం అనుకున్నాడు. తీరా చూస్తే రాత్రి మాత్ర మత్తు! డాక్టరును అడిగి మాత్ర వేళ మార్చాం. డ్యూటీ పదకొండుకు పెట్టించాం, కౌంటరు బదులు లోపల స్టాకు సర్దే పని ఇప్పించాం. నాలుగేళ్లయింది, ఇంకా అక్కడే ఉన్నాడు. మానేసిన రోజు అసలేం జరిగిందో మీ తమ్ముణ్నే నెమ్మదిగా అడగండి. మందులు మాత్రం సొంతంగా తగ్గించొద్దు.

యూడీఐడీ కార్డుకు, అంటే వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకు, దరఖాస్తు పెట్టండి. వైకల్యం కనీసం 40 శాతం ఉందని తేలితే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌లో మానసిక వ్యాధికీ చోటుంది. జబ్బు సంగతి ఓనరుకు చెప్పాలా వద్దా అన్నది మీ తమ్ముడి ఇష్టానికే వదిలేయండి.