ఇద్దరే, ఒకే మైకు: ఆల్బమ్ అవుతుందా?

"మేమిద్దరమే. రెండు సింథ్‌లు (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే కీబోర్డులు), ఒక మైకు, అద్దె గది. స్టూడియోకి డబ్బుల్లేవు. ఇలా సింథ్‌పాప్ ఆల్బమ్ చేయొచ్చా?" అని అడిగారు. చేయొచ్చు. డేవ్ స్టీవర్ట్, అనీ లెనక్స్ అనే ఇద్దరి బ్రిటిష్ జట్టు యూరిథ్మిక్స్. వాళ్ల 'స్వీట్ డ్రీమ్స్' ఆల్బమ్ అలాగే పుట్టింది.

1981లో వాళ్ల మొదటి ఆల్బమ్‌ని జర్మనీలో కోనీ ప్లాంక్ అనే నిర్మాత దగ్గర చేశారు. అది ఆడలేదు. ఆ తర్వాత ఇద్దరూ బ్యాంకులో అప్పు తీసుకుని సామాను కొనుక్కున్నారు. లండన్ చాక్ ఫామ్‌లో పటాలు కట్టే కొట్టు పైగదే వాళ్ల స్టూడియో. 8 ట్రాకుల టేపు మిషను (ట్రాకు అంటే ఒక వాద్యాన్నో గొంతునో విడిగా రికార్డు చేసే వరుస), మూవ్‌మెంట్ అనే డ్రమ్ కంప్యూటర్, కొద్దిపాటి సింథ్‌లు. కింద కర్ర కోసే మిషన్లు ఆగేదాకా పాడటానికి వీల్లేదు. 1983 జనవరిలో ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడే టైటిల్ పాట అమెరికాలో నంబర్ వన్.

నన్ను పట్టేసింది ఆ 8. ట్రాకులు నిండితే నాలుగైదింటిని కలిపి ఒకదాంట్లోకి ఎక్కించి, పాతవి చెరిపి, వాటి మీద కొత్తవి రికార్డు చేయాలి. అలా కలిపాక డ్రమ్ము కాస్త తగ్గిద్దామన్నా కుదరదు. అందుకే ఏది ఉండాలో అప్పటికప్పుడే తేల్చుకోవాలి. మా పిన్ని కొడుకూ నేనూ హైదరాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌లో ట్రాకులకి లెక్కే లేదు. ఒక పాటకి 40 దాకా పోయాయి. వింటే ఏదీ వినపడదు, అంతా గుజ్జు. తర్వాత 8 దాటకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మొదట పోయింది నాకెంతో ఇష్టమైన స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల లాంటి శబ్దం. రెండు రోజులు బాధపడ్డాను కానీ, తీసేశాకే వాడి గొంతు వినపడింది.

ఇంకొకటి. ఆ టైటిల్ పాటలో పాల సీసాల్లో నీళ్లు పోసి శృతి చేసి కొట్టారు. మన జలతరంగమే! మేమూ శర్బత్ సీసాలతో ప్రయత్నించాం. నీళ్లు పోసేకొద్దీ శృతి కిందికి దిగుతుంది, అందుకని చెంచాతో పోస్తూ ఫోన్లో ట్యూనర్ చూసుకున్నాం. గచ్చు మీద పెట్టి కొడితే టకటకమంది. కింద తువాలు మడిచి వేసి, స్పూను బదులు పెన్సిల్‌తో తాకిస్తే చక్కగా మోగింది. ల్యాప్‌టాప్‌లో శబ్దాలిచ్చే ఏ ప్లగిన్‌లోనూ దొరకని శబ్దం, మా గదిది.

మైకు ఒక్కటే అని దిగులు పడకండి. ఒకరు పాడుతుంటే ఇంకొకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకుని అంగుళం అంగుళం జరుపుతూ వినండి. మే నెలలో ఫ్యాను ఆపి తలుపులేసుకుని పాడితే రెండో టేక్‌కే చొక్కా తడిసిపోయేది. అందుకని పాట రికార్డింగ్ రాత్రి 11 తర్వాతకి పెట్టుకున్నాం. వీధిలో బైకులు తగ్గేది కూడా అప్పుడే.