‘కూర గాయలు’: కలపాలా, విడగొట్టాలా?

సందేహం: భీమవరంలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటాను. ‘తాజా కూర గాయలు అమ్మ బడును’ అని విడదీసి పెడితే కొందరు తప్పంటున్నారు. కలిపితే మాట పొడవై బోర్డులో పట్టడం లేదు. ఖాళీ ఎక్కడ ఇవ్వాలి, లైను ఎక్కడ తెంపాలి?

సమాధానం: తప్పన్నవాళ్లదే ఒప్పు. కూర, కాయలు కలిసినప్పుడు ‘కా’ కాస్తా ‘గా’ అయింది. వ్యాకరణంలో దీన్ని గసడదవాదేశం అంటారు. అలా మారిన ముక్కకు విడిగా బతుకు లేదు. ‘గాయలు’ ఒంటరిగా నిలబడితే చదివేవాడికి గాయాలు తడతాయి. ‘అన్న దమ్ములు’ అని విడగొడితే తమ్ముళ్లు పోయి దమ్ములు మిగులుతాయి. ‘అమ్మబడును’లోనూ ‘పడు’ అన్నదే ‘బడు’ అయింది కాబట్టి అదీ కలిపే రాయాలి. విడదీస్తే ముందు అమ్మ కనబడుతుంది. (అసలు ఆ ‘బడు’ దేనికి? ‘అమ్ముతాం’ అంటే చోటూ కలిసొస్తుంది, తెలుగులానూ ఉంటుంది.) లో, కి, తో, గా వంటివి ముందు మాటకు అంటుకునే ఉండాలి. ‘రాజోలు లో’, ‘రుచి గా’ వద్దు. కోసం, గురించి విడిగా రాసినా ఇబ్బంది లేదు.

ఇంతవరకు వ్యాకరణం. మిగతాది కంటి పని. దగ్గరగా ఉన్నవాటిని మనసు ఒక జట్టు కింద కట్టేస్తుంది. అర్థం కోసం ఆగదు. మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో చుక్కలతో, గీతలతో ఈ సంగతి చూపించాడు. చుక్కలను అడ్డంగా దగ్గర చేస్తే వరుసలు కనిపిస్తాయి, నిలువుగా దగ్గర చేస్తే స్తంభాలు కనిపిస్తాయి. ఖాళీ ఎంత అన్నది కాదు, పక్క ఖాళీతో పోలిస్తే ఎంత అన్నదే లెక్క.

బోర్డు మీదా అంతే. అక్షరాల మధ్య ఖాళీ అన్నిటికన్నా తక్కువ, మాటల మధ్య అంతకన్నా ఎక్కువ, లైన్ల మధ్య ఇంకా ఎక్కువ ఉండాలి. బోర్డు వెడల్పు నింపడానికి అక్షరాలను ఎడంగా జరిపారంటే ఈ క్రమం చెడుతుంది, కలిపి రాసిన ‘కూరగాయలు’ కూడా అయిదు ముక్కలుగా కనిపిస్తుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో మరీ చేటు: వాటిలో కొమ్ములు, ఒత్తులు వేరే ముక్కలు కాబట్టి ఎడం పెంచగానే అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతాయి. వెడల్పు నింపాలంటే అక్షరం సైజు పెంచండి, ఎడం పెంచకండి.

లైన్ల మధ్య దూరం దగ్గర తెలుగుకు ఇంగ్లిషు కొలత పనికిరాదు. పై లైను ఒత్తు కిందికి దిగుతుంది, కింది లైను గుడి పైకి లేస్తుంది. ‘శాస్త్రి’ కింద ‘కీ’ పడితే ఆ ఒత్తు ఎవరిదో తెలియదు. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఒత్తు కొసకూ కింది గుడికీ మధ్య తెల్లచోటు కనిపించేదాకా పెంచండి.

రంగు కూడా ఖాళీ లాంటిదే. ఒకే రంగువి ఒక జట్టు. ‘అన్న’ ఎరుపులో, ‘దమ్ములు’ నీలంలో వేశారంటే కలిపి రాసిన ఫలితం దక్కదు.

ఇక లైను తెంపడం. పత్రిక కాలమ్‌లో మాట మధ్యలో విరిగినా వాక్యం నడక మనల్ని ముందుకు లాక్కుపోతుంది. బోర్డుకు ఆ సాయం లేదు, మాట చివరే తెంపాలి. అంతర్వేది కల్యాణం ఫ్లెక్సీ చేస్తున్నారనుకోండి: ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి’ ఒక లైను, ‘కల్యాణ మహోత్సవం’ రెండో లైను. సమాసమైనా కల్యాణ, మహోత్సవం రెండూ విడిగా నిలబడతాయి కాబట్టి మధ్య ఖాళీ ఇవ్వొచ్చు, మరీ చాలకపోతే అక్కడ తెంపనూవచ్చు. ‘మహో’ దగ్గర మాత్రం తెంపకూడదు. లోపల సంధి ఉంది. ‘త్సవం’తో మొదలయ్యే లైను ఎవరికీ నోట పలకదు.

ఫోన్ నంబరును అయిదేసి అంకెలుగా విడదీయండి. ఆ ఖాళీ నంబరుకూ పై లైనుకూ మధ్య ఉన్నదానికన్నా చిన్నది కావాలి. ప్రింటుకు పంపేముందు డిజైన్‌ను తెర మీద బొటనవేలంత చేసి చూడండి. అక్షరాలు చదవలేకపోయినా గుంపులు తెలుస్తాయి. ‘తాజా కూరగాయలు అమ్ముతాం’ ఒకటి, నంబరు ఒకటి, మొత్తం రెండే కనిపించాలి. మూడోది కనిపిస్తే ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువైంది.